కోరిలేషన్ వచ్చింది సరే, కారణం అని ఎప్పుడు రాయొచ్చు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎమ్మెస్సీ సైకాలజీ డిసర్టేషన్ కోసం ఇంటర్ పిల్లల్ని సర్వే చేశారు, రోజుకి ఎన్ని గంటలు ఇన్‌స్టా చూస్తారో అడిగారు, యాంగ్జైటీ స్కేల్ నింపించారు, రెండిటికీ కోరిలేషన్ (రెండు అంకెలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే లెక్క, 0 అంటే అలా కదలట్లేదు, 1 అంటే పూర్తిగా) 0.3 పైన వచ్చింది, పీ వాల్యూ కూడా బాగా చిన్నదే. కానీ "ఇన్‌స్టా వల్ల యాంగ్జైటీ పెరుగుతోంది" అని రాసిన చోటల్లా మీ గైడ్ గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. అంత సిగ్నిఫికెంట్‌గా వచ్చాక ఎందుకు రాయకూడదు, రిగ్రెషన్‌లో, అంటే మిగతా విషయాల్ని కూడా లెక్కలోకి తీసుకునే మోడల్లో, అవన్నీ కంట్రోల్ చేస్తే చాలదా, ఎక్స్‌పెరిమెంటే చేయాలంటే మన కాలేజీల్లో ఎలా చేస్తాం, ఇవీ మీ మూడు ప్రశ్నలు. రీసెర్చ్ మెథడ్స్ చాలా ఏళ్లుగా చెప్తున్నా, వైవాల్లో పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు పీ వాల్యూ సంగతి చూసేద్దాం, అది చిన్న విషయం. ఈ రెండు స్కోర్లకీ అసలు సంబంధమే లేదనుకుంటే ఇంత కోరిలేషన్ ఊరికే రావడం అరుదు, పీ చెప్పేది అంతే. ఆ సంబంధం ఎటు నుంచి ఎటు నడుస్తోంది, వెనకాల ఇంకేముంది అన్నది దానికి తెలీదు, శాంపిల్ పదింతలు చేసినా తెలీదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మెసెర్లీ అనే డాక్టరు 23 దేశాల లెక్కలు తీసి, తలసరి చాక్లెట్ వాడకానికీ జనాభా లెక్కన వచ్చిన నోబెల్ బహుమతులకీ కోరిలేషన్ 0.791 అని చూపించాడు, పీ 0.0001 కంటే తక్కువ. మీ 0.3 దాని ముందు ఏపాటిది? అయినా చాక్లెట్ తినిపించి నోబెల్ తెప్పిద్దామని ఎవరూ అనరు కదా, డబ్బున్న దేశాల్లో చాక్లెట్టూ ఎక్కువే, ల్యాబులూ ఎక్కువే.

అందుకని నేను క్లాసులో ఒక్క ప్రశ్నే అడగమంటా. ఎక్కువ గుంపులో ఎవరుండాలి, తక్కువ గుంపులో ఎవరుండాలి అన్నది నిర్ణయించింది ఎవరు? మీ సర్వేలో రోజుకి నాలుగు గంటలు ఇన్‌స్టా చూసే అమ్మాయిని ఆ నాలుగు గంటల్లోకి నెట్టింది మీరు కాదు, ఆ అమ్మాయి స్వభావం, వాళ్ల ఇల్లు, డే స్కాలరా హాస్టలా అన్నది, మార్కుల గొడవ, అప్పటికే మనసులో ఉన్న దిగులు, ఇవన్నీ కలిసి నెట్టాయి. గంటల్ని నిర్ణయించిన అవే విషయాలు యాంగ్జైటీని కూడా నిర్ణయిస్తూ ఉండొచ్చు. నిద్రపట్టక, మనసు బాగోక ఫోన్ తీసే పిల్లలు ఎంతమంది లేరు, అక్కడ యాంగ్జైటీ ముందు, ఇన్‌స్టా తర్వాత. ఒక్కసారి సర్వే చేస్తే ఏది ముందో ఏది వెనకో డేటాలో కనపడదు.

ఈ దిశ తప్పు అర్థం చేసుకుంటే ఏమవుతుందో మన సబ్జెక్టులోనే ఒక చేదు ఉదాహరణ ఉంది. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు కొందరు పిల్లలతో ముభావంగా, దూరంగా ఉంటున్నారని డాక్టర్లు గమనించారు, అక్కణ్నుంచి తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే ఆటిజం వస్తుందనే సిద్ధాంతం పుట్టింది, 1967లో బెటెల్‌హైమ్ పుస్తకంతో అది ఇంకా పాపులర్ అయింది. పిలిస్తే పలకని, కళ్లలోకి చూడని బిడ్డతో నెలల తరబడి గడిపిన తల్లి ఎలా ఉంటుంది అని తిరగేసి ఆలోచించినవాళ్లు తక్కువ. 1968లో రిచర్డ్ బెల్ అనే ఆయన తల్లిదండ్రులూ పిల్లల మీద వచ్చిన పరిశోధనల్లో చాలావాటిని పిల్లల వైపు నుంచి కూడా చదవొచ్చని ఒక పేపరు రాశాడు, 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ కవలల మీద చేసిన స్టడీలో జీన్స్ ఒకటే అయిన ఒకేలాంటి కవలల 11 జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది, మామూలు కవలల 10 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. శాంపిల్ చిన్నదే, కానీ కథ మారిపోయింది, చూపు తల్లి ప్రేమ మీంచి జీన్స్ వైపు మళ్లింది. ఈలోపు ఎంతమంది తల్లులు మావల్లే అనుకుని కుమిలిపోయారో ఆ లెక్క ఏ టేబుల్లోనూ దొరకదు. గైడ్ గారి ఎర్ర పెన్ను చాదస్తం కాదు అని చెప్పడానికే ఇది.

ఇక మూడో వేరియబుల్, అంటే రెండిటికీ వెనక ఉండే ఇంకో కారణం, దాని సంగతి. మార్ష్‌మాలో టెస్టు మీకు తెలిసే ఉంటుంది, స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ చేసింది, నాలుగేళ్ల పిల్లాడి ముందు ఒక స్వీటు పెట్టి నేనొచ్చేదాకా తినకపోతే రెండోది కూడా ఇస్తా అనడం. 1990లో వచ్చిన ఫాలో అప్‌లో ఆగగలిగిన పిల్లలకి పెద్దయ్యాక శాట్ (అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) స్కోర్లు ఎక్కువ వచ్చాయని తేలింది, ఆగిన సేపుకి కోరిలేషన్ వెర్బల్‌తో 0.42, లెక్కలతో 0.57. మన మోటివేషన్ స్పీకర్లు స్టేజీల మీద చెప్పే కథ ఇక్కణ్నుంచి వచ్చిందే. వాళ్లు చెప్పనిది ఏంటంటే ఆ అంకెలు 35 మంది పిల్లలవి, అది కూడా యూనివర్సిటీ క్యాంపస్ నర్సరీలో చదివిన పిల్లలవి. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లల డేటాతో మళ్లీ చూశారు, అందులో తల్లులు డిగ్రీ చదవని ఇళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. సంబంధం ఉంది, కానీ మొదటిదాంట్లో సగం. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్నప్పటి తెలివితేటల స్కోర్లు లెక్కలోకి తీసుకుంటే ఆ మిగిలిన సగంలో కూడా మూడింట రెండొంతులు ఎగిరిపోయింది. అంటే ఓపిక ఉంటే మార్కులొస్తాయి అన్న కథలో చాలా భాగం ఎలాంటి ఇంట్లో పుట్టాడు అన్న కథే.

ఇదే విషయాన్ని ఎక్స్‌పెరిమెంట్‌గా మార్చిన స్టడీ ఒకటుంది, నాకు క్లాసులో చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైనది. రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం, 2013 పేపరు, 28 మంది పిల్లలే. స్వీటు పెట్టే ముందు పిల్లలకి బొమ్మ వేసే పని ఇచ్చారు, ఇంకా మంచి రంగులు తెస్తా ఆగు అని పెద్దాయన వెళ్తాడు. సగం మందికి నిజంగానే తెచ్చాడు, సగం మందికి వట్టి చేతుల్తో వచ్చి సారీ లేవు అన్నాడు. ఎవరికి మాట నిలబెట్టుకోవాలి, ఎవరికి తప్పాలి అన్నది లాటరీ, పిల్లల స్వభావంతో సంబంధం లేదు. తర్వాత స్వీటు పెట్టారు. మాట నిలబెట్టుకున్న గ్రూపు సగటున 12 నిమిషాలు ఆగింది, మాట తప్పిన గ్రూపు 3 నిమిషాలు. పూర్తి 15 నిమిషాలు ఆగినవాళ్లు ఒక వైపు 14 మందిలో 9, ఇంకో వైపు 14 మందిలో ఒక్కరే. ఇక్కడ "పెద్దవాళ్ల మాట మీద నమ్మకం పోవడం వల్ల పిల్లలు తక్కువసేపు ఆగారు" అని ధైర్యంగా వల్ల పెట్టి రాయొచ్చు. 28 మందితో. మీ సర్వేలో ఇంతకు చాలా రెట్లు మంది ఉండి ఉంటారు, అయినా మీరు రాయలేరు. తేడా అంకెలో లేదు, గుంపుల్ని ఎవరు విడదీశారు అన్నదాంట్లో ఉంది. ఒక్క జాగ్రత్త, ఆ స్టడీ చెప్పింది ఆ గదిలో ఆ రోజు సంగతే, జీవితంలో పైకి రావడం గురించి కాదు.

రాండమ్ అసైన్‌మెంట్‌నీ రాండమ్ శాంప్లింగ్‌నీ చాలామంది కలిపేస్తారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. మొత్తం జనంలోంచి ఎవర్ని తీసుకోవాలి అన్నది లాటరీ వేస్తే శాంప్లింగ్, దానివల్ల మీ రిజల్టు మిగతావాళ్లకి కూడా వర్తిస్తుందని చెప్పుకోవచ్చు. తీసుకున్నవాళ్లలో ఎవరు ఏ గ్రూపు అన్నది లాటరీ వేస్తే అసైన్‌మెంట్, కారణం అని చెప్పే హక్కు దీన్నుంచి వస్తుంది. లాటరీ వేస్తే ఆస్తి, స్వభావం, నిద్ర, ఇంట్లో గొడవలు, మీకు తెలిసినవీ తెలియనివీ అన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. ఆ తెలియనివి కూడా అన్న మాట ముఖ్యం, ఏ రిగ్రెషనూ ఇవ్వలేనిది అదే. ఈ పద్ధతి అనగానే అందరూ 1920ల్లో పొలాల ప్రయోగాల్లో లాటరీ పెట్టిన స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ పేరు చెప్తారు గానీ అంతకు ముందే 1885లో పియర్స్, జాస్ట్రో అనే ఇద్దరు బరువుల్లో చిన్న తేడా పసిగట్టగలమా అనే సైకాలజీ ప్రయోగంలో ఏది ముందివ్వాలో పేకముక్కలు కలిపి తీసి నిర్ణయించారు. మన సైకాలజీవాళ్లే ముందు, కానీ ఎందుకో మన సిలబస్‌లో ఆ ముక్క ఉండదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, కంట్రోల్ చేస్తే చాలదా? కొంత పనికొస్తుంది, వాట్స్ వాళ్లు చేసింది అదే. కానీ మీరు కొలిచినదాన్నే కంట్రోల్ చేయగలరు, సరిగ్గా కొలిచినదాన్నే చేయగలరు. తండ్రి ఆదాయం ఎంత అని మూడు గడుల్లో టిక్కు పెట్టించి ఆర్థిక పరిస్థితిని కంట్రోల్ చేశాను అనకూడదు. పైగా కొన్నిటిని కంట్రోల్ చేయడమే తప్పు. ఇన్‌స్టా నిద్రని చెడగొట్టి, ఆ నిద్ర చెడటం యాంగ్జైటీ తెస్తోందనుకోండి, మీరు నిద్ర గంటల్ని మోడల్లో వేశారంటే మీరు వెతుకుతున్న ఎఫెక్టునే మీ చేత్తో తీసి పారేసినట్టు. ఏది ముందు జరిగింది ఏది తర్వాత జరిగింది అని కాయితం మీద బాణాలు గీసుకోకుండా ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో అన్ని వేరియబుల్సూ తోసేసే అలవాటు మానుకోండి.

శాంపిల్ ఎక్కణ్నుంచి తెచ్చారన్నది కూడా ఆటలు ఆడుతుంది. కౌన్సెలింగ్‌కి వచ్చిన పిల్లల్నే తీసుకున్నారనుకోండి, అక్కడికి కొందరు ఫోన్ వదలట్లేదని అమ్మానాన్నలు లాక్కొస్తే వస్తారు, కొందరు భయం, గుండెదడ అని వస్తారు, ఫోన్ గొడవ ఉన్నవాళ్లకి దడ ఉండక్కర్లేదు, దడ ఉన్నవాళ్లకి ఫోన్ గొడవ ఉండక్కర్లేదు, అందుకని ఆ గదిలో మాత్రం ఫోన్ ఎక్కువైతే యాంగ్జైటీ తక్కువ అన్నట్టు తలకిందులుగా కనపడొచ్చు. అలాగే మన కార్పొరేట్ కాలేజీల్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొడతారు కదా, టాప్ సెక్షన్ ఒక్కదాంట్లోనే సర్వే చేస్తే అందరూ ఒకేలా ఉండి అసలున్న సంబంధం కూడా చిక్కిపోతుంది. ఇంకోటి, పిల్లలు చెప్పిన గంటల్ని నమ్మకండి. ప్యారీ బృందం 2021లో బోలెడు స్టడీలు కలిపి చూస్తే మనుషులు తాము వాడామని చెప్పే టైముకీ ఫోన్ రికార్డు చేసిన టైముకీ కోరిలేషన్ 0.38 దగ్గరే ఆగింది. దిగులుగా ఉన్న పిల్ల అబ్బో నేను ఫోన్ మీదే పడుంటున్నా అని ఎక్కువ రాసుకుంటే మీ 0.3లో కొంత భాగం అక్కణ్నుంచే వచ్చి ఉండొచ్చు.

కోరిలేషన్‌ని నమ్మి ఒక ప్రభుత్వమే దిగితే ఎలా ఉంటుందో కాలిఫోర్నియాలో చూశారు. ఆత్మగౌరవం, అదే సెల్ఫ్ ఎస్టీమ్, ఎక్కువున్న పిల్లలకి మార్కులు ఎక్కువ, తక్కువున్నవాళ్లలో డ్రగ్సూ గొడవలూ ఎక్కువ అనుకుని జాన్ వాస్కోన్సెలోస్ అనే శాసనసభ్యుడు పట్టుబట్టి 1986లో ఒక టాస్క్‌ఫోర్స్ వేయించాడు, దాని బడ్జెట్ మూడేళ్లకి 7,35,000 డాలర్లు. స్కూళ్లలో నువ్వు గొప్పోడివి అని చెప్పే కార్యక్రమాలు ఆ వేడిలోనే వ్యాపించాయి. అప్పట్లో వాళ్లు పిలిపించిన ప్రొఫెసర్లే సంబంధాలు చాలా బలహీనంగా ఉన్నాయని రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. 2003లో బౌమీస్టర్ బృందం ఉన్న పరిశోధనంతా తిరగేస్తే మార్కులు బాగా రావడం వల్లే తన మీద తనకి గౌరవం పెరగడానికి సాక్ష్యం ఉంది గానీ, గౌరవం పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి దాదాపు లేదు. 2007లో ఫోర్సిత్ వాళ్లు ప్రయోగమే చేశారు, మిడ్ టర్మ్‌లో తక్కువ గ్రేడు వచ్చిన స్టూడెంట్లలో లాటరీ వేసి కొందరికి వారం వారం రివిజన్ ప్రశ్నలతో పాటు ఆత్మగౌరవం పెంచే మెయిళ్లు, కొందరికి నీ చదువు నీ చేతుల్లోనే ఉందనే మెయిళ్లు, కొందరికి ఉత్త ప్రశ్నలే పంపారు. ఆత్మగౌరవం మెయిళ్లు అందుకున్నవాళ్లు ఫైనల్లో ఇంకా కిందికి పోయారు.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది, ఇది మీ వైవాలో చెప్తే బాగుంటుంది. ప్రైవేటు స్కూలు పిల్లలకి మార్కులెక్కువ, కాబట్టి ప్రైవేటు స్కూలు మంచిది, ఇది మన ఊళ్లలో ప్రతి అరుగు మీదా వినపడే మాటే. ప్రైవేటులో ఎవరు చేరాలి అన్నది నిర్ణయించేది ఎవరు? ఫీజు కట్టగలిగిన, ఇంట్లో హోంవర్క్ అడిగే తల్లిదండ్రులు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో దీన్ని ప్రయోగంగా మార్చారు. పిల్లల్ని ప్రైవేటుకి పంపే వోచర్ కావాలని అప్లై చేసిన ప్రభుత్వ స్కూలు పిల్లల్లో లాటరీ వేసి కొందరికి ఇచ్చారు. అప్లై చేసిన తల్లిదండ్రులందరికీ ఆశ ఒకటే, గెలవడం ఓడటం మాత్రం అదృష్టం. నాలుగేళ్ల తర్వాత చూస్తే గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తెలుగులో గానీ లెక్కల్లో గానీ తేడా లేదు. హిందీలో గెలిచినవాళ్లు ముందున్నారు, ప్రైవేటులో హిందీ చెప్పేవాళ్లు కాబట్టి. అలాగని ప్రైవేటు దండగ అని కూడా కాదు, ఆ స్కూళ్లు పిల్లాడికి ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా, తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమిచ్చి కూడా అదే ఫలితం తెచ్చాయి. ఇవి పల్లెటూరి చిన్న ప్రైవేటు స్కూళ్లు, సిటీలో లక్షల ఫీజులవాటి గురించి ఇది ఏమీ చెప్పదు. ఇందులో మీరు పట్టుకోవాల్సిన మెలిక ఇంకోటి, గెలిచినవాళ్లందరూ వోచర్ వాడుకోలేదు, అయినా పోల్చాల్సింది వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ కాదు, గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ. వాడాలా వద్దా అన్నది మళ్లీ ఇంట్లోవాళ్ల నిర్ణయం, అక్కడ లెక్క మార్చారంటే మళ్లీ సర్వే దగ్గరికే వచ్చి పడతారు.

ఇప్పుడు మీ ఇన్‌స్టా సంగతికి వద్దాం, ఇందులో నిజమైన ప్రయోగాలున్నాయి. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెలిస్సా హంట్ బృందం 143 మంది డిగ్రీ స్టూడెంట్లని లాటరీతో రెండుగా విడదీసి ఒక గ్రూపుని ఫేస్‌బుక్, ఇన్‌స్టా, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి 10 నిమిషాలే చూడమన్నారు, మూడు వారాలు, రెండో గ్రూపు మామూలుగానే వాడింది, అందరూ ఫోన్ స్క్రీన్‌షాట్లు పంపాలి. తగ్గించిన గ్రూపులో ఒంటరితనం, డిప్రెషన్ తగ్గాయి. యాంగ్జైటీ? తగ్గింది, కానీ రెండు గ్రూపుల్లోనూ తగ్గింది. ఈ ఒక్క రిజల్టు దగ్గర కాసేపు ఆగండి. మామూలుగా వాడిన ఆ రెండో గ్రూపు, అదే కంట్రోల్ గ్రూపు, లేకుండా ముందూ తర్వాతా స్కోర్లు మాత్రమే తీసుంటే ఇన్‌స్టా తగ్గిస్తే యాంగ్జైటీ తగ్గింది అని హెడ్డింగ్ పెట్టేసేవాళ్లు. నేనెంత వాడుతున్నానో రోజూ చూసుకోవడం వల్ల అయ్యుండొచ్చని వాళ్లే అన్నారు. మీరు కొలిచింది యాంగ్జైటీనే కాబట్టి ఇది మీకు బాగా దగ్గరి పేపరు.

ఇంకా పెద్దది ఆల్కాట్ బృందం ఎకనామిక్స్‌లో చేసింది. 2018 అమెరికా మిడ్ టర్మ్ ఎన్నికల ముందు డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ అకౌంట్ ఆపేయించారు, ఎవరు ఆపాలన్నది లాటరీ, మొదట చేర్చుకున్నది 2,743 మందిని, లాటరీ దాకా వచ్చింది వాళ్లలో 61 శాతం. మనసు బాగుండటం పెరిగింది, కానీ 0.09 స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల స్కోర్లు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) మాత్రమే. అదే జనంలో మామూలు కోరిలేషన్ పద్ధతిలో లెక్కేస్తే ఇంతకంటే చాలా పెద్ద అంకె వచ్చేదని వాళ్లే చెప్పారు. కాబట్టి "సోషల్ మీడియాకి ఏ ఎఫెక్టూ లేదు" అన్నా తప్పే, "పిల్లల్ని నాశనం చేస్తోంది" అన్నా దూకుడే. నా మట్టుకు ఎఫెక్టు ఉంది, చిన్నది, కొందరి మీద ఎక్కువుండొచ్చు అన్నదగ్గర ఆగుతా.

మీరు చేయాలంటే ఎలా అన్నారు కదా. ఇంటర్ పిల్లలు చాలామంది 18 లోపువాళ్లే, కాబట్టి తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుకోలు, మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఈ మూడూ లేకుండా మొదలెట్టకండి. ఎక్కువ వాడమని ఏ గ్రూపుకీ చెప్పకూడదు, తగ్గించమని చెప్పొచ్చు. ఏ సెక్షను తగ్గించాలి ఏ సెక్షను వద్దు అని సెక్షన్లవారీగా పంచొద్దు, ఒక సెక్షనుకి ఒక లెక్చరర్, ఒక టైంటేబులు, అవన్నీ కలిసిపోతాయి, పిల్లల పేర్లు ఎక్సెల్‌లో వేసి రాండమ్ నంబర్లతో విడదీయండి. ఎవరు తగ్గిస్తారో చేతులెత్తండి అని మాత్రం అస్సలు అడగొద్దు, అదొక్కటి చేస్తే మొత్తం పోయినట్టే. రెండు గ్రూపులూ స్క్రీన్ టైమ్ స్క్రీన్‌షాట్లు పంపాలి, ఒక్క గ్రూపే పంపితే తేడా వచ్చింది ఫోన్ తగ్గించడం వల్లా, ఎంత వాడుతున్నామో రోజూ చూసుకోవడం వల్లా అన్నది తేలదు. కంట్రోల్ గ్రూపుకి మీ వంతు మూడు వారాల తర్వాత అని చెప్తే వాళ్లు కూడా నొచ్చుకోరు. టైమింగ్ చూసుకోండి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని జనవరిలో ముందు స్కోరు, ఫిబ్రవరి చివర తర్వాత స్కోరు తీస్తే మీరు ఏం చేసినా యాంగ్జైటీ పైకే పోతుంది, రెండు గ్రూపులకీ ఒకే రోజు కొలిస్తేనే ఆ గోల రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

యాంగ్జైటీ బాగా ఎక్కువున్న పిల్లల్నే ఏరి తీసుకుందాం అనిపిస్తుంది, దాంట్లో ఒక తిరకాసుంది. ఒళ్లు కాలిపోయే జ్వరం ఉన్న రోజే డాక్టరు దగ్గరికి వెళ్తాం, రెండ్రోజులకి తగ్గితే మందు గొప్పదంటాం, సగం సార్లు అది దానంతటదే తగ్గేది. అలాగే అందరికంటే ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లని ఇంకోసారి కొలిస్తే మీరేం చేయకపోయినా సగటు కిందికి జరుగుతుంది. కంట్రోల్ గ్రూపుని కూడా అదే ఎక్కువ స్కోరు పిల్లల్లోంచి లాటరీ వేసి తీస్తే గొడవ లేదు.

ఎవరు ఏ గ్రూపో దాచి ఉంచడం అన్నది మన సబ్జెక్టులో కష్టం, ఫోన్ తగ్గించినవాడికి తను తగ్గించానని తెలుసు, తగ్గిస్తే బాగుంటుందని మీరు ఆశిస్తున్నారనీ తెలుసు, స్కేలు నింపేటప్పుడు మీకోసం కాస్త మంచిగా నింపేస్తాడు. పరిశోధన చేసేవాళ్లు కూడా అంతే. 1963లో రోజెంతల్, ఫోడ్ 12 మంది స్టూడెంట్లకి తలా ఐదు ఎలుకలిచ్చి సగం మందికి ఇవి తెలివైన జాతి, సగం మందికి మొద్దు జాతి అని చెప్పారు, ఎలుకలన్నీ ఒకే రకం, అయినా తెలివైనవి అని చెప్పిన ఎలుకలే చిక్కుదారిలో బాగా చేసినట్టు రిజల్టులొచ్చాయి. అందుకని చివరి స్కోర్లు తీసేది మీరు కాకుండా, ఏ పిల్ల ఏ గ్రూపో తెలియని మీ ఫ్రెండ్‌తో తీయించండి. మధ్యలో మానేసినవాళ్ల లెక్క రాయండి, తగ్గించే గ్రూపులోంచి ఎక్కువమంది పోయుంటే మిగిలింది పట్టుదల ఉన్నవాళ్లే, అప్పుడు లాటరీ లాటరీ కాదు.

శాంపిల్ సైజు గురించి నిజం చెప్తా. ఎఫెక్టు, అంటే రెండు గ్రూపుల సగటుల తేడా, 0.5 స్టాండర్డ్ డీవియేషన్ అనుకుంటే గ్రూపుకి 64 మంది చాలు, 80 శాతం పవర్‌తో, అంటే తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతం. 0.2 అయితే గ్రూపుకి 393. ఆల్కాట్ వాళ్ల 0.09 లాంటిదైతే గ్రూపుకి 1,900 దాటాలి. ఒక డిసర్టేషన్‌లో అది జరిగే పని కాదు, కాబట్టి పైలట్ స్టడీ అని పేరు పెట్టి చేయండి, తేడా రాకపోతే ఎఫెక్టు లేదని రాయకండి, పట్టుకునేంత శాంపిల్ లేదని రాయండి.

మరి ప్రయోగం చేయలేని చోట కారణం అని ఎప్పటికీ అనకూడదా? అంటాం. సిగరెట్ తాగమని ఎవర్నీ లాటరీ వేసి నిలబెట్టలేదు, అయినా కాన్సర్‌కి కారణం అంటున్నాం. తమాషా ఏంటంటే 1948లో వచ్చిన టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌కి రాండమ్ నంబర్లు పెట్టించిన బ్రాడ్‌ఫర్డ్ హిల్లే, 1950లో రిచర్డ్ డాల్‌తో కలిసి సిగరెట్ మీద వేలెత్తి చూపించాడు. అటువైపు నిలబడి ఇది ఉత్త కోరిలేషనే, జీన్స్ వల్ల కావొచ్చు అని వాదించింది ఎవరో తెలుసా, ఫిషర్, పైపు తాగేవాడు, పొగాకు కంపెనీల సంఘానికి కన్సల్టెంటు కూడా. కాబట్టి కోరిలేషన్ కారణం కాదు అన్న మాటని కూడా ఎవరు ఎందుకు అంటున్నారో చూడాలి. రకరకాల దేశాల్లో రకరకాల పద్ధతుల్లో అదే రావడం, ఎక్కువ తాగితే ఎక్కువ జబ్బు, మానేస్తే ముప్పు తగ్గడం, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తే అంటాం, ఒక్క సర్వేతో అనం.

పిల్లల మీద లాటరీ వేయడం అన్యాయం కాదా అని ఎథిక్స్ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు బుకారెస్ట్ గురించి చెప్పండి. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో లాటరీ వేసి సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు, నెల్సన్, జీనా, ఫాక్స్ నడిపించారు, మొదలైంది 2000 ప్రాంతంలో. కుటుంబంలో పెరిగితే మంచిదని అందరికీ తెలుసు కదా, లాటరీ దేనికి? ఎందుకంటే అంతకు ముందు స్టడీల్లో చురుగ్గా, ముద్దుగా ఉన్న పిల్లల్నే కుటుంబాలు తీసుకెళ్లి ఉండొచ్చు, తేడా అక్కణ్నుంచే వచ్చి ఉండొచ్చు. పైగా అప్పటికి అక్కడ పెంపుడు కుటుంబాల వ్యవస్థ దాదాపు లేదు, ప్రాజెక్టు వాళ్లే తయారు చేశారు, అందరికీ సరిపడా లేవు. ఆశ్రమంలో ఉన్న ఏ పిల్లకైనా తర్వాత కుటుంబం దొరికితే స్టడీ కోసం ఆపకూడదని ముందే రాసుకున్నారు. నాలుగున్నరేళ్ల వయసులో ఐక్యూ సగటు ఆశ్రమం గ్రూపుకి 73, పెంపుడు కుటుంబాల గ్రూపుకి 81, ఎప్పుడూ ఆశ్రమంలో లేని పిల్లలకి 109. అప్పటికీ దాని మీద నైతిక వాదనలు జరిగాయి, జరగాలి కూడా. మీది మూడు వారాల ఫోన్ సంగతి, ఇంత బరువు లేదు, కానీ ఎవరికీ ఉన్నదానికంటే తక్కువ రాకూడదు అన్న ఆ రూలు మాత్రం మీ ప్రపోజల్‌లో రాసుకోండి.

ప్రస్తుతానికి చేతిలో ఉన్న సర్వే పారేయకండి, దానికీ విలువుంది, ఏ పిల్లల్ని ముందు పలకరించాలో చెప్పడానికి కోరిలేషన్ చాలు, దానికి కారణం తెలియక్కర్లేదు. టైటిల్లో "ప్రభావం" తీసేసి "ఇన్‌స్టా వాడకానికీ యాంగ్జైటీకీ ఉన్న సంబంధం" అని మార్చండి, రిజల్ట్స్‌లో "ఎక్కువసేపు వాడుతున్నామని చెప్పిన పిల్లల్లో యాంగ్జైటీ స్కోర్లు కూడా ఎక్కువగా ఉన్నాయి" అని రాయండి, ఆ "చెప్పిన" అన్నది వదలకండి. డిస్కషన్‌లో మూడు దారులూ, అంటే ఇన్‌స్టా వల్ల యాంగ్జైటీ, యాంగ్జైటీ వల్ల ఇన్‌స్టా, రెండిటికీ వెనక ఇంకోటి, ఒక్కోదానికి ఒక పేరా ఇచ్చి మీ డేటాలో దేనికి ఎంత ఆధారం ఉందో రాయండి, పైలట్ ప్రపోజల్ అపెండిక్స్‌లో పెట్టండి. హాస్టలా డే స్కాలరా అన్నది సర్వేలో అడిగి ఉంటే రెండిటికీ కోరిలేషన్ విడివిడిగా తీసి చూడండి, హాస్టల్లో ఫోన్లు తీసేసుకుంటారు కాబట్టి అక్కడ గంటల్ని నిర్ణయించేది పిల్ల కాదు వార్డెన్, ఆ రెండు అంకెల మధ్య తేడా ఏమన్నా వస్తే ఇక్కడే రాయండి, చూద్దాం.